ఆడవాళ్ళకి గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి రాదా? అసలు ఎలా గుర్తుపట్టాలి?

పొద్దుతిరుగుడు:
అందరికీ నమస్కారం. మా ఇంటి గ్రూపులో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మగవాళ్ళకి గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి వస్తుందట, ఆడవాళ్ళకి ఛాతీ నొప్పే రాదట, ఉత్త నీరసం, వికారం, వీపు నొప్పి మాత్రమే ఉంటాయట. మా అమ్మకి అరవై దాటాయి, షుగర్ కూడా ఉంది. అది చదివిన దగ్గర్నుంచి "నాకు నీరసం ఎప్పుడూ ఉండేదేగా, మరి ఏ రోజు భయపడాలి?" అంటోంది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది, నా దగ్గర జవాబు లేదు. ఆ మెసేజ్ ఎంతవరకు నిజం? మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ లక్షణాల్లో నిజంగా అంత తేడా ఉంటుందా? ఇంట్లో చూసినవాళ్ళు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

బాటసారి:
మెసేజ్ సంగతి తెలీదు గానీ, మగవాళ్ళకి ఛాతీ నొప్పి ఖాయం అనుకోవడం కూడా తప్పే. మా నాన్నగారికి ఛాతీలో ఏమీ లేదు. కింది దవడ రెండు వైపులా లాగేసేది. పొద్దున్నే నడకకి వెళ్తే వచ్చేది, ఆగి నిలబడితే తగ్గేది. పిప్పి పన్నేమో అని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన పళ్ళన్నీ తట్టి చూసి ఒక్క ప్రశ్న అడిగారు: "నమిలితే నొప్పి వస్తోందా, నడిస్తే వస్తోందా?" నడిస్తేనే అన్నారు నాన్న. "అయితే ఇది నా దగ్గర తేలేది కాదు, ఇటునుంచి ఇటే వెళ్ళి ఈసీజీ తీయించుకోండి" అని పంపేశారు. మూడు రక్తనాళాల్లో అడ్డంకులు బయటపడ్డాయి. గుండెపోటు రాకముందే బైపాస్ అయింది.

ఆ ప్రశ్న నేను అందరికీ చెప్తుంటాను. నొప్పి ఎక్కడుందో చూడటంతో ఆగిపోకూడదు. ఏం చేస్తే వస్తోంది, ఏం చేస్తే పోతోంది అన్నది చూడాలి.

మోడరేటర్:
చర్చ కొనసాగించండి. ఒక్క మనవి. ఇప్పుడు, ఈ క్షణంలో ఛాతీ బిగుతు, ఆయాసం, చల్లటి చెమటలు లాంటివి ఉన్నవాళ్ళు ఇక్కడ ప్రశ్న రాసి జవాబు కోసం ఎదురుచూడొద్దు. ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

ఐసీయూ_నర్సు:
పొద్దుతిరుగుడు గారూ, ఆ మెసేజ్ సగం నిజం, కానీ మిగతా సగం ప్రాణం మీదికి తెస్తుంది. నేను గుండె విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఆడైనా మగైనా ఎక్కువమందిలో కనిపించేది ఛాతీలో ఇబ్బందే. కాకపోతే ఆడవాళ్ళలో దానికి తోడు ఇంకో మూడు నాలుగు కలిసి వస్తాయి. ఆయాసం, వికారం, వాంతి, చల్లటి చెమట, రెండు భుజాల మధ్య వీపు పట్టేయడం, మెడ, దవడ లాగడం, కాలు కదపలేనంత నిస్సత్తువ. చెప్పేటప్పుడు ఇవే ముందు చెప్తారు, ఛాతీ సంగతి చివర్న వస్తుంది, లేదా మనం అడిగితే వస్తుంది.

"నొప్పి ఉందా?" అంటే చాలామంది "లేదు సిస్టర్" అంటారు. అబద్ధం కాదు, వాళ్ళకి నొప్పిలా అనిపించదు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టి "ఇక్కడ ఎవరో అదిమిపట్టినట్టుంది, గాలి ఆడట్లేదు" అంటారు. ఆ పిడికిలి చూశాక నేను ఇంకేం అడగను, ఈసీజీ మెషీన్ లాక్కొస్తాను. ఇంట్లో వాళ్ళని అడిగేటప్పుడు మీరూ నొప్పి అని అడగకండి. "రొమ్ములో బరువుగానో, బిగుతుగానో, మంటగానో ఉందా? చెయ్యి పెట్టి చూపించు" అనండి. వేలితో ఒకే చుక్క చూపించేవాళ్ళకి గుండె సమస్య అయ్యే అవకాశం కొంత తక్కువే, అయినా వేలు చూసి ఎవర్నీ ఇంటికి పంపించం.

లెక్కల_మాస్టారు:
నర్సు గారూ, ఒక సందేహం. ఒకచోట ఆడవాళ్ళలో నూటికి 43 మందికి ఛాతీ నొప్పి లేదని చదివాను. ఇంకోచోట 87 శాతం మందికి ఉందని ఉంది. రెండూ పరిశోధనలే. ఏది నమ్మాలి?

కార్డియో_డాక్టర్:
మాస్టారూ, రెండూ నమ్మొచ్చు. అడిగిన మనుషులు వేరు, అడిగిన తీరు వేరు.

43 శాతం లెక్క 2003లో వచ్చింది. గుండెపోటు వచ్చి బతికి ఇంటికి వెళ్ళిన 515 మంది స్త్రీలని కొన్ని నెలల తర్వాత అడిగారు. అందులో దీనికంటే పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. వాళ్ళలో 95 శాతం మంది గుండెపోటుకి నెల ముందు నుంచే ఒంట్లో తేడా తెలిసిందన్నారు. సుమారు 71 శాతం మందికి ఎన్నడూ లేనంత అలసట, 48 శాతం మందికి నిద్ర చెడిపోవడం, 42 శాతం మందికి ఆయాసం. అయితే గుండెపోటు వచ్చాక అడిగితే ఎవరైనా వెనక్కి వెతుక్కుని చెప్తారు. నిద్రపట్టని ప్రతివాళ్ళకీ గుండెపోటు వస్తుందని దీనర్థం కాదు.

2012లో అమెరికాలో 11 లక్షలకు పైగా రోగుల రికార్డులు తిరగేశారు. ఆసుపత్రికి వచ్చేసరికి ఛాతీ నొప్పి లేనివాళ్ళు స్త్రీలలో 42 శాతం, పురుషులలో దాదాపు 31 శాతం. ఈ రెండో అంకె మీద ఎవరి దృష్టీ పడదు. మగవాళ్ళలో కూడా ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరు ఛాతీ నొప్పి లేకుండానే వచ్చారు! ఆడామగా తేడా చిన్న వయసులో ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తగ్గిపోయింది.

మీరన్న 87 శాతం, 2018లో వచ్చిన విర్గో అధ్యయనంలోది. 18 నుంచి 55 ఏళ్ళ వాళ్ళని చూశారు. స్త్రీలలో 87 శాతం, పురుషులలో 89.5 శాతం ఛాతీలో ఇబ్బంది ఉందన్నారు. తేడా లేనట్టే. ఎందుకంటే అక్కడ నొప్పి అని మాత్రమే కాక బరువు, బిగుతు, అసౌకర్యం అన్నీ కలిపి అడిగారు. పైన నర్సు గారు చెప్పింది ఇదే. ఛాతీతో పాటు మూడు, అంతకంటే ఎక్కువ ఇతర లక్షణాలు ఉన్నవాళ్ళు మాత్రం స్త్రీలలో 62 శాతం, పురుషులలో 55 శాతం.

పొద్దుతిరుగుడు గారూ, మీ అమ్మగారి ప్రశ్నకి నా జవాబు ఇది. ఎప్పుడూ ఉండే నీరసం వేరు, మారిన నీరసం వేరు. పోయిన నెల ఆగకుండా ఎక్కిన మెట్లకి ఈ నెల మధ్యలో ఆగాల్సి వస్తోందా? స్నానం చేసి వచ్చి మంచం మీద కూలబడుతున్నారా? పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నారా? వీటిలో ఏది ఉన్నా ఈ వారంలోనే చూపించండి. కూర్చున్నప్పుడు కూడా వస్తుంటే, చెమటలతో వస్తుంటే ఇక వారం కూడా ఆగొద్దు, ఆ పూటే.

తూర్పుగాలి:
డాక్టర్ సాబ్, నాకు అర్థంకాని ముచ్చట ఒకటున్నది. గుండెల ఖరాబ్ అయితే దవడల, చేతుల ఎందుకు నొస్తది? మా బాపుకు కడుపు మీద నొప్పి, వాంతులు. మేమందరం కడుపు నొప్పే అనుకున్నం. ఈసీజీల గుండెపోటు అని వచ్చింది.

కార్డియో_డాక్టర్:
గుండె నుంచి, చెయ్యి నుంచి, మెడ దవడల నుంచి వచ్చే నరాల కబుర్లు వెన్నుపాములో, మెదడు కింద దాదాపు ఒకేచోట కలుస్తాయి. చేతి నుంచి కబుర్లు రోజూ వస్తుంటాయి, గుండె నుంచి ఎప్పుడో గానీ రావు. మెదడు అలవాటైనవాళ్ళ పేరు చెప్పేస్తుంది. అందుకే కింది దవడ నుంచి బొడ్డు దాకా, ముందైనా వెనకైనా, ఎక్కడైనా రావచ్చు. ఎడమ చెయ్యే అని లేదు. రెండు చేతులకీ పాకితే అనుమానం ఇంకా బలపడుతుంది.

మీ బాపుకి జరిగింది బహుశా గుండె కింది గోడకి. ఆ గోడ ఉదరవితానం, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న కండరపు పొర మీద ఆనుకుని ఉంటుంది. అక్కడ రక్తం ఆగితే, గుండెకీ కడుపుకీ వెళ్ళే వేగస్ నరం రేగి వాంతులు, పై కడుపులో నొప్పి, చెమట, నాడి నెమ్మదించడం కనిపిస్తాయి. మగవాళ్ళలోనూ ఇది అచ్చం అజీర్తిలాగే ఉంటుంది.

బాటసారి:
మరి గ్యాస్ అని ఎలా తేల్చుకోవాలి? మా ఇంట్లో ఎవరికి రొమ్ము మండినా ముందు గ్యాస్ మందు తాగుతారు. తగ్గితే గ్యాస్, తగ్గకపోతే డాక్టరు.

ఐసీయూ_నర్సు:
బాటసారి అన్నా, అదే పెద్ద గొయ్యి. గ్యాస్ మందుకి తగ్గిందని గుండె కాదని చెప్పలేం. గుండెనొప్పి దానంతట అదే వచ్చిపోతుంటుంది, తగ్గే వేళకి మనం తాగిన మందుకి పేరొస్తుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రకి తగ్గితే అది కచ్చితంగా గుండెనొప్పే అనడం కూడా తప్పు, ఆ మాత్రకి అన్నవాహిక నొప్పి కూడా తగ్గుతుంది. మందు వేసి చూసి రోగం తేల్చే పని ఇంట్లో పెట్టుకోకండి.

వంగితే, పడుకుంటే పెరిగే మంట, నోట్లోకి పులుపు ఎగదన్నడం గ్యాస్ వైపు చూపిస్తాయి. నడిస్తే పెరిగి ఆగితే తగ్గడం, చెమట, ఆయాసం తోడవడం గుండె వైపు చూపిస్తాయి. అలాగని చెమట పట్టలేదు కాబట్టి గ్యాసే అనుకునేరు. అనుమానం ఉన్నప్పుడు ఈసీజీ తీయించుకుని గ్యాస్ అని తేలితే పోయేదేమీ లేదు. వార్డులో అలా తేలి ఇంటికి వెళ్ళేవాళ్ళని చూస్తే మాకు విసుగు రాదు, సంతోషంగా పంపిస్తాం. "ఊరికే మిమ్మల్ని ఇబ్బంది పెట్టాం" అని ఎవరూ అనక్కర్లేదు.

ఊదారంగు:
నాకు పానిక్ ఎటాక్స్ వస్తాయి. గుండెదడ, చేతుల్లో తిమ్మిర్లు, ఊపిరి అందకపోవడం, చచ్చిపోతానేమో అన్న భయం. ఒకసారి అత్యవసర విభాగానికి వెళ్తే పాత చీటీ చూసి, నన్ను ముట్టుకోకుండానే "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేశారు. ఆ రోజు నిజంగా పానిక్కే కావచ్చు. కానీ రేపు నిజంగా గుండెకి ఏదైనా అయితే నా మాట ఎవరు నమ్ముతారు? నాకే తేడా ఎలా తెలుస్తుంది?

కార్డియో_డాక్టర్:
ఊదారంగు గారూ, మీ భయం నిరాధారం కాదు. ఇందాక చెప్పిన విర్గో అధ్యయనంలోనే ఉంది. గుండెపోటుకి ముందు ఆ లక్షణాలతో వైద్యం కోసం వెళ్ళినవాళ్ళలో 53 శాతం స్త్రీలు, 37 శాతం పురుషులు, తమని చూసిన వైద్యులు అది గుండె సమస్య కాదనుకున్నారని చెప్పారు. రోగుల వైపు నుంచి కూడా అంతే. ఇది ఒత్తిడి, ఆందోళన అని తమకు తామే అనుకున్నవాళ్ళు స్త్రీలలో 21 శాతం, పురుషులలో 12 శాతం. మా వృత్తిలో ఉన్నవాళ్ళం ఈ అంకెలు చూసి సిగ్గుపడాలి, నేర్చుకోవాలి.

పానిక్ సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. గుండెపోటు దిగకుండా సాగుతుంది, లేదా వచ్చి, పోయి, మళ్ళీ వస్తుంది. మీకు మీ పానిక్ ఎలా ఉంటుందో బాగా తెలుసు. దానికి భిన్నంగా ఉంటే, నడుస్తున్నప్పుడు మొదలైతే, దవడకో వీపుకో పాకితే, మామూలుగా తగ్గే సమయానికి తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ "నాకు పానిక్ ఉంది, కానీ ఇది అలా లేదు. ఈసీజీ, ట్రోపోనిన్ చేయండి" అని అడగండి. ట్రోపోనిన్ అంటే గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష. అడగడం మీ హక్కు. పానిక్ ఉన్నవాళ్ళకి గుండెపోటు రాదని ఎక్కడా లేదు.

చిన్నక్క:
ఊదారంగు చెల్లీ, నీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు కాన్పు అయిన కొన్ని వారాలకి వచ్చింది. నాకు బీపీ లేదు, షుగర్ లేదు, పొగ అలవాటు లేదు, బరువు కూడా ఎక్కువ లేను. పాపకి పాలిస్తుండగా వీపులో, సరిగ్గా రెక్కల మధ్య, లోపల ఏదో చిరిగినట్టు అనిపించింది. వెంటనే రెండు మోచేతుల దాకా లాగుడు, ఒళ్ళంతా చల్లటి చెమట. పాపని పట్టుకోలేక మా అత్తయ్య చేతికిచ్చాను. "నిద్రలేదు కదా, పాలిచ్చేటప్పుడు వీపు పడుతుందిలే" అన్నారు. ఆవిడని తప్పుపట్టను, ఎవరైనా అదే అంటారు. మా ఆయన మాత్రం నా మొహం చూసి, రంగు మారిపోయిందని కారు తీశాడు.

మొదటి ఈసీజీ బాగానే ఉందన్నారు. అక్కడితో పంపేసేవాళ్ళే. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "మూడు గంటలు ఉండండి, రక్తపరీక్ష మళ్ళీ చేస్తాను" అంది. రెండోసారి ట్రోపోనిన్ బాగా పెరిగింది. యాంజియోగ్రామ్‌లో తెలిసిందేంటంటే కొవ్వు అడ్డంకి కాదు, రక్తనాళం లోపలి పొర చిరిగింది. ఆ అమ్మాయి ఆ మూడు గంటలు పట్టుబట్టకపోతే నేనీ పోస్టు రాసేదాన్ని కాదు.

పొద్దుతిరుగుడు:
అక్కా, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. మీరిప్పుడు బాగున్నారా? డాక్టరు గారూ, ఇలా కూడా జరుగుతుందా? కొవ్వు లేకుండా గుండెపోటా?

చిన్నక్క:
బాగున్నానమ్మా. మందులు వాడుతున్నాను, నడుస్తున్నాను, పాప బడికెళ్తోంది.

కార్డియో_డాక్టర్:
చిన్నక్క గారికి వచ్చినదాన్ని స్కాడ్ అంటారు. రక్తనాళం గోడ పొరల మధ్యలోకి రక్తం చేరి, లోపలి దారిని నొక్కేస్తుంది. వచ్చేవాళ్ళలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే, ఎక్కువగా నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్ళు. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత వచ్చే గుండెపోట్లకి ముఖ్య కారణం ఇదే. చాలావరకు దానంతట అదే మానుతుంది కాబట్టి, కుదిరితే స్టెంట్ వేయకుండా కనిపెట్టుకుని ఉంటాం. ఇలాంటివాళ్ళలో చాలామందికి మామూలు ప్రమాద కారణాలు పెద్దగా ఉండవు. "మీకేం, చిన్నవయసు, సన్నగా ఉన్నారు" అన్న మాట దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

పెద్ద రక్తనాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డంకి లేకుండా వచ్చే గుండెపోట్లు మరికొన్ని ఉన్నాయి. చిన్న నాళాలు బిగుసుకుపోవడం, నాళం ఒక్కసారిగా ముడుచుకోవడం లాంటివి. ఇవీ స్త్రీలలోనే ఎక్కువ. తీవ్రమైన దుఃఖమో భయమో కలిగాక గుండె కొన ఉబ్బిపోయే టకోట్సుబో ఒకటి. జపాన్ వైద్యులు 1990లో దానికా పేరు పెట్టారు, ముట్లుడిగిన స్త్రీలలోనే ఎక్కువగా వస్తుంది. అది మొదట్లో అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, ఇంట్లో కూర్చుని విడదీయలేం.

చిన్నక్క గారి కథలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఆ రెండో రక్తపరీక్ష. గుండె కండరం దెబ్బతిన్నాక ట్రోపోనిన్ రక్తంలోకి రావడానికి గంటలు పడుతుంది. తొందరగా వెళ్ళినవాళ్ళకి మొదటిసారి మామూలుగా ఉండొచ్చు. ఈసీజీ ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో తీయాలి, మామూలుగా ఉండి లక్షణాలు తగ్గకపోతే మళ్ళీ మళ్ళీ తీయాలి. ఇంకో సంగతి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో ట్రోపోనిన్ పురుషులకంటే తక్కువే ఉంటుంది. ఎక్కువగా వాడే ఒక సున్నితమైన పరీక్షలో పై హద్దు పురుషులకి లీటరుకి 34 నానోగ్రాములైతే, స్త్రీలకి 16. ఇద్దరికీ ఒకే గీత గీస్తే స్త్రీలలో చిన్న గుండెపోట్లు తప్పిపోతాయి.

లెక్కల_మాస్టారు:
ఎవరు ముందుగా జాగ్రత్తపడాలో కూడా చెప్తారా? షుగర్, బీపీ, పొగ, కొలెస్టరాల్, కుటుంబంలో ఉండటం, ఇవి అందరికీ తెలిసినవే. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఏమైనా?

కార్డియో_డాక్టర్:
ఉన్నాయి, కానీ గుండె డాక్టర్లు అడగరు, ఆడవాళ్ళు చెప్పరు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రీ ఎక్లాంప్సియా వచ్చిందా? వచ్చి ఉంటే తర్వాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. గర్భంలో షుగర్ వచ్చిందా? నలభైకి ముందే ముట్లు ఆగిపోయాయా? లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు), కీళ్ళవాతం లాంటివి ఉన్నాయా? రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చారా? పాతికేళ్ళ కిందటి కాన్పు గురించి ఇప్పుడెందుకు అనుకోకుండా చెప్పండి. సగటున స్త్రీలకి మొదటి గుండెపోటు పురుషులకంటే తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వస్తుందని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశోధన చెప్పింది. ఆలస్యంగా వస్తుంది, అంతే. రాదని కాదు.

నీలిమేఘం:
ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలట, గుండె ఆగకుండా ఉంటుందట. వేడినీళ్ళు తాగితే గడ్డ కరుగుతుందట. మా అన్నయ్య పంపాడు. ఉపయోగపడుతుందని ఇక్కడ పెడుతున్నాను.

ఐసీయూ_నర్సు:
నీలిమేఘం గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ దయచేసి ఇంకెవరికీ పంపకండి. మా దగ్గర, మానిటర్ తగిలించి ఉన్న రోగికి లయ తప్పినప్పుడు డాక్టరు పక్కనే ఉండి దగ్గమంటారు, అదీ కొన్ని క్షణాలకి. ఇంట్లో గుండెపోటు వచ్చినవాళ్ళు దగ్గుతూ కూర్చుంటే ఫోన్ చేసే సమయం పోతుంది. కడుపులోకి వెళ్ళిన వేడినీళ్ళు రక్తనాళంలో గడ్డని ఏమీ చేయలేవు.

చేయాల్సింది ఇది. అంబులెన్స్‌కి ఫోన్. తలుపు గడియ తీసి ఉంచడం. నేల మీదో మంచం మీదో గోడకి ఆనుకుని కూర్చోవడం. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు, దారిలో స్పృహ తప్పితే మీతోపాటు ఇంకొకరు. సదుపాయాలున్న అంబులెన్స్‌లో అయితే ఈసీజీ, షాక్ ఇచ్చే యంత్రం దారిలోనే ఉంటాయి.

తూర్పుగాలి:
సిస్టర్, ఆస్పిరిన్ నమలాలె అంటరు కదా. నాలుక కింద గోలీ కూడ ఇంట్ల ఉన్నది, బాపుది. అమ్మకు అట్ల అయితే ఇయ్యొచ్చా?

కార్డియో_డాక్టర్:
ఆస్పిరిన్ సంగతి ముందు. 1988లో 17 వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద చేసిన ఐసిస్-2 పరీక్షలో, ఆస్పిరిన్ ఒక్కటే అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల మరణాలని 23 శాతం తగ్గించింది. అందుకే ముందు ఫోన్ చేసి, అవతలివాళ్ళు సరేనంటే, 300 మిల్లీగ్రాముల మామూలు ఆస్పిరిన్ నమిలి మింగించండి. నమిలితే త్వరగా ఒంట పడుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్ళకి, కడుపులో రక్తస్రావం ఉన్నవాళ్ళకి, మాట తడబడి ఒక పక్క చచ్చుబడిన లక్షణాలు ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఛాతీ నుంచి వీపుకి చీల్చుకుపోయే నొప్పి ఒక్కసారిగా వస్తే అది బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) చీలిక కావచ్చు, అప్పుడు కూడా ఇవ్వకుండా ఆగండి.

నాలుక కింద గోలీ ఎవరికి రాసిచ్చారో వాళ్ళకే. బీపీ పడిపోయి ఉంటే అది ప్రమాదం. మీ బాపుకి వచ్చిన కింది గోడ గుండెపోటులో కుడివైపు గుండె కూడా దెబ్బతింటే, ఆ గోలీకి బీపీ అమాంతం దిగిపోవచ్చు. సిల్డెనాఫిల్ లాంటి అంగస్తంభన మందు వేసుకున్న మగవాళ్ళకి 24 గంటల్లోపు (ఆ కోవలోని కొన్ని మందులకి 48 గంటల్లోపు) అది ఇస్తే ప్రాణం పోవచ్చు. సిగ్గుపడి దాచకుండా చెప్పాల్సిన విషయం ఇది.

నీలిమేఘం:
అర్థమైంది సిస్టర్, మా గ్రూపులో కూడా ఇదే పెట్టాను. ఇంకో ప్రశ్న. షుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు వచ్చినా తెలియదంటారు. పొద్దుతిరుగుడు గారి అమ్మగారికీ షుగర్ ఉందిగా.

కార్డియో_డాక్టర్:
చాలా ఏళ్ళ షుగర్ గుండె నరాలని కూడా మొద్దుబారుస్తుంది. నొప్పి చెప్పాల్సిన నరమే పనిచేయకపోతే ఆయాసం, చెమట, కళ్ళు తిరగడం, కారణం లేకుండా షుగర్ పెరిగిపోవడం మాత్రమే మిగులుతాయి. షుగర్ లేనివాళ్ళలోనూ తెలియకుండా పోయేవి తక్కువేం కాదు. 1984లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనం పరిశోధకులు చెప్పిన లెక్క ప్రకారం, పురుషుల గుండెపోట్లలో 28 శాతం, స్త్రీలలో 35 శాతం అప్పటికప్పుడు గుర్తించనివే, తర్వాతెప్పుడో ఈసీజీలో మచ్చగా బయటపడ్డాయి. షుగర్ ఉన్నవాళ్ళు చెమట పట్టి నీరసించారంటే ముందు షుగర్ చూడండి. తగ్గి ఉంటే సరే, దానికి వైద్యం. తగ్గలేదంటే గుండెని అనుమానించండి.

బాటసారి:
ఎంతలోపు వెళ్ళాలి? కొందరు ఆరు గంటలు, కొందరు పన్నెండు గంటలు టైముంది అంటారు.

కార్డియో_డాక్టర్:
పన్నెండు గంటలన్నది మాకు పెట్టుకున్న హద్దు, మీకు ఇచ్చిన గడువు కాదు. నాళం పూర్తిగా మూసుకుపోయిన 20, 30 నిమిషాల నుంచే కండరం చావడం మొదలవుతుంది. మొదటి గంట, రెండు గంటల్లో దారి తెరిస్తే మిగిలేది చాలా ఎక్కువ. ఈసీజీ తీశాక రెండు గంటల లోపు యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరవడం) జరిగే చోటికి చేరలేమనిపిస్తే, అక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత పంపించాలి. కాబట్టి దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రే కావాలని మొదటి ఈసీజీని ఆలస్యం చేయొద్దు, దగ్గర్లో ఎక్కడ ఉంటే అక్కడ తీయించండి.

చిన్నక్క:
నాదొక మాట. ఆసుపత్రికి వెళ్ళాక "నీరసంగా ఉందండీ, గ్యాస్ అనుకుంటా" అని మొదలుపెట్టకండి. మనమే గ్యాస్ అంటే వాళ్ళూ గ్యాస్ అనే రాసుకుంటారు. "ఇన్ని గంటలకి మొదలైంది, అప్పటికి ఈ పని చేస్తున్నాను, ఇక్కణ్ణుంచి ఇక్కడికి పాకింది, చెమట పట్టింది, ఇలా ఇంతకుముందు ఎప్పుడూ లేదు" అని చెప్పండి. మాట్లాడే ఓపిక లేకపోతే పక్కనున్నవాళ్ళు ఇదే చెప్పాలి.

పొద్దుతిరుగుడు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. అమ్మతో ఇవన్నీ కూర్చుని మాట్లాడాను. ఆయాసం ఈమధ్యే మొదలైందని అప్పుడు చెప్పింది, ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదు. రేపే చూపిస్తున్నాం. ఒక్క ప్రశ్న మిగిలింది. ఇంట్లో ఎవరైనా కళ్ళెదుటే కుప్పకూలితే? అప్పుడు ఆస్పిరిన్ పనికిరాదు కదా.

ఐసీయూ_నర్సు:
పనికిరాదు. గుండెపోటులో మనిషి మాట్లాడతాడు, గుండె ఆగితే మాట్లాడడు. పిలిస్తే పలకట్లేదు, ఊపిరి లేదు, లేదా ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి తీస్తున్నారంటే గుండె ఆగినట్టే. నోట్లో ఏమీ వేయకండి. ఒకరు ఫోన్ స్పీకర్‌లో పెట్టాలి, ఒకరు గట్టి నేల మీద పడుకోబెట్టి రొమ్ము ఎముక కింది సగం మీద రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కాలి. పెద్దవాళ్ళకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోతే రెండు నిమిషాలకొకసారి మనిషి మారండి.

ఆడవాళ్ళ విషయంలో ఇక్కడ కూడా వెనకబాటు ఉంది. 2018లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగిన పురుషుల్లో 45 శాతం మందికి చుట్టూ ఉన్నవాళ్ళు సీపీఆర్, అంటే ఇలా ఛాతీ నొక్కడం, చేశారు, స్త్రీలలో 39 శాతం మందికే. ముట్టుకోవడానికి జంకుతారు.

తూర్పుగాలి:
నిజమే సిస్టర్, మొగోళ్ళం జంకుతం. బట్టలు తియ్యాల్నా?

ఐసీయూ_నర్సు:
నొక్కడానికి తియ్యక్కర్లేదు తమ్ముడూ, బట్టల మీదే మొదలుపెట్టు. షాక్ యంత్రం వచ్చాక మాత్రం దాని ప్యాడ్లు నేరుగా చర్మానికి అంటుకోవాలి. ఒకటి కుడి మెడ ఎముక కింద, ఒకటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద. బ్రా అడ్డమైతే జరుపు, జరగకపోతే కత్తిరించు. చెమట ఉంటే తుడువు. యంత్రమే ఏం చేయాలో బయటికి చెప్తుంది, అది "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నప్పుడు చేతులు తీసేయ్, షాక్ అయిన వెంటనే మళ్ళీ నొక్కడం మొదలుపెట్టు. చుట్టూ ఉన్నవాళ్ళని అటు తిరిగి చీరో దుప్పటో అడ్డం పట్టుకోమను, నువ్వు మాత్రం ఆపకు.